జపాన్ తరహా అల్లం సలాడ్ డ్రెస్సింగ్ ఇంట్లో ఎలా చేయాలి

అమెరికాలో కొన్నేళ్లుండి వచ్చినవాళ్లు, జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో ఏషియన్ రెస్టారెంట్‌లో తిని వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "భోజనానికి ముందు చిన్న గిన్నెలో సలాడ్ పెడతారు కదా, దాని మీద నారింజ రంగులో, పలుకు పలుకుగా, అల్లం వాసనతో ఒకటి పోస్తారు. అది ఇంట్లో వస్తుందా?"

తప్పకుండా వస్తుంది. పొయ్యి వెలిగించే పని లేదు. సామాన్లన్నీ దగ్గర పెట్టుకుంటే అరగంటలోపే అయిపోతుంది. అయినా చాలామందికి తొలిసారి కుదరదు. దానికి రెండు కారణాలు. ఒకటి, అమెరికా కొలతల్ని ఉన్నవి ఉన్నట్టు తీసుకుని మన దగ్గర దొరికే వెనిగర్, మన సోయా సాస్, మన ఘాటు ఉల్లిగడ్డతో చేయడం. రెండోది, అల్లం పచ్చడి నూరినట్టు మెత్తగా నూరేయడం. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతాది తేలిక.

జపాన్‌లో ఇళ్లలో ఎక్కువగా వాడే 'వాఫు' డ్రెస్సింగ్ సోయా సాస్, వెనిగర్, నూనె కలిపిన పలచని గోధుమరంగు డ్రెస్సింగ్. క్యారెట్ వేసిన చిక్కటి రకం అమెరికాలోని జపనీస్ హోటళ్ల ద్వారా పేరు తెచ్చుకుంది. బెనిహానా అనే జపనీస్ హోటల్ 1964లో న్యూయార్క్‌లో తెరిచాక అక్కడ అలాంటి హోటళ్లు బాగా పెరిగాయి. మీరు అడిగేది ఈ రెండో రకమే కాబట్టి దాన్నే చెబుతున్నాం.

కావలసినవి

ఈ కొలతలకు దాదాపు 380 మిల్లీలీటర్లు వస్తుంది. మనిషికి 2 టేబుల్‌స్పూన్ల చొప్పున 12 మందికి సరిపోతుంది. ఇంట్లో నలుగురే ఉంటే సగం కొలతకు చేయండి.

- ఉల్లిగడ్డ: 50 గ్రాములు (మధ్యరకం గడ్డలో సగం)
- తోలు తీసిన అల్లం: 35 గ్రాములు (బొటనవేలంత ముక్కలు రెండు)
- క్యారెట్: 50 గ్రాములు (మధ్యరకం క్యారెట్‌లో సగం కంటే కాస్త ఎక్కువ)
- సెలరీ కాడ: 20 గ్రాములు (జానెడు ముక్కలో సగం)
- రైస్ వెనిగర్: 4 టేబుల్‌స్పూన్లు
- సోయా సాస్: 2 టేబుల్‌స్పూన్లు
- వాసన లేని రిఫైన్డ్ నూనె: 6 టేబుల్‌స్పూన్లు
- చల్లటి నీళ్లు: 2 టేబుల్‌స్పూన్లు
- చక్కెర: 2 టీస్పూన్లు
- టమాటా కెచప్: 2 టీస్పూన్లు
- నిమ్మరసం: 2 టీస్పూన్లు
- ఉప్పు, మిరియాల పొడి: చెరో పావు టీస్పూన్
- వెల్లుల్లి: ఒక చిన్న రెబ్బ (వేయకపోయినా లోటు లేదు)

ఇక్కడ టేబుల్‌స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ అంటే 5. మనం అన్నం తినే చెంచాలు ఇంటికో సైజులో ఉంటాయి, వాటిని నమ్మొద్దు. కొలత చెంచాలు లేకపోతే దగ్గు సిరప్ సీసా మీద వచ్చే గీతల కప్పును శుభ్రంగా కడిగి వాడండి, సరిగ్గా కొలుస్తుంది.

కొనేటప్పుడే చూసుకోవలసినవి

*అల్లం.* రుచి సగం ఇక్కడే తేలిపోతుంది. తోలు పలచగా, గోటితో గీకితే ఊడివచ్చేలా, విరిస్తే టక్కున విరిగి రసం కనిపించేలా ఉన్నది తీసుకోండి. విరిచిన చోట దారాలు దారాలుగా వేలాడితే అది ముదురు అల్లం. దానికి ఘాటూ ఎక్కువ, పీచూ ఎక్కువ. మన దగ్గర అల్లానికి పేరున్నది జహీరాబాద్ ప్రాంతం. మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో గుట్టలోంచి ఏరుకోనిస్తారు కాబట్టి ఒక కణుపు విరిచి చూసి తీసుకోవచ్చు. ముదురుదే దొరికితే 35 గ్రాముల బదులు 25 చాలు.

ఫ్రిజ్‌లో ఉన్న అల్లం వెల్లుల్లి పేస్ట్ మాత్రం వద్దు. బజారు పేస్టులో ఉప్పు, పులుపు, నిల్వకు వేసేవి ముందే ఉంటాయి. పైగా వెల్లుల్లి అల్లాన్ని మింగేస్తుంది. అది వేస్తే సలాడ్‌కి కూర వాసన వస్తుంది, తర్వాత ఏం కలిపినా పోదు.

*వెనిగర్.* రైస్ వెనిగర్ పెద్ద సూపర్‌మార్కెట్లలో సోయా సాస్ పక్కనే ఉంటుంది. సీసా మీద 'సీజన్డ్' అనో 'సుషీ వెనిగర్' అనో ఉంటే అందులో చక్కెర, ఉప్పు కలిపే ఉంటాయి. అప్పుడు మన కొలతలో చక్కెర 1 టీస్పూన్‌కి తగ్గించి, ఉప్పు పూర్తిగా మానేయండి. కిరాణా కొట్లో దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్ పులుపు గొంతుకు తగులుతుంది. అదే ఉంటే 3 టేబుల్‌స్పూన్ల వెనిగర్‌కి 1 టేబుల్‌స్పూన్ నీళ్లు, అర టీస్పూన్ చక్కెర అదనంగా కలపండి. యాపిల్ సైడర్ వెనిగర్‌కీ ఇదే లెక్క. వెనిగర్ అసలే లేక మొత్తం నిమ్మరసంతో చేస్తే ఆ పూటకు బాగానే ఉంటుంది గానీ మర్నాటికి రుచి చచ్చిపోతుంది.

*సోయా సాస్.* లేబుల్ మీద 'డార్క్' అని ఉన్నది నూడుల్స్‌కి రంగు కోసం. అది 2 టేబుల్‌స్పూన్లు పోస్తే నారింజ రంగు పోయి బురద రంగు వస్తుంది. 'లైట్' అనో, 'సహజంగా పులియబెట్టినది' అనో ఉన్నది వెతకండి. కిక్కోమన్ లాంటి జపనీస్ బ్రాండ్లు ఇప్పుడు హైదరాబాద్‌లో దొరుకుతున్నాయి. ధర ఎక్కువే, కానీ ఈ డ్రెస్సింగ్‌లో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉంటే అది ఇదే. డార్క్ తప్ప ఇంట్లో మరొకటి లేకపోతే 1 టేబుల్‌స్పూన్ మాత్రమే పోసి, రుచి చూసి ఉప్పుతో సరిచేయండి. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. గోధుమ పడనివాళ్లు గోధుమ లేనిదని లేబుల్ మీద ఉన్న 'తమారి' అనే రకం సోయా సాస్ చూసి కొనాలి.

*నూనె.* రిఫైన్డ్ సన్‌ఫ్లవర్, రైస్‌బ్రాన్, వేరుశనగ ఏదైనా పనికొస్తుంది. గానుగ పల్లీ నూనె ఎంత మంచిదైనా దాని వాసన అల్లాన్ని కప్పేస్తుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ ఆయిల్ మిక్సీలో తిరిగితే చేదెక్కుతుంది, ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది కూడా. ఎక్కువమంది పొరబడేది నువ్వుల నూనె దగ్గర. జపాన్ వంటల్లో సువాసన కోసం వేసేది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు గోధుమరంగు నూనె, అదీ చుక్కల లెక్కన. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది, రుచి పూర్తిగా వేరు. ఆ సువాసన కావాలనుకుంటే ఒక టేబుల్‌స్పూన్ తెల్ల నువ్వులు సన్నమంట మీద చిటపటలాడేదాకా వేయించి, చల్లార్చి, పొడిచేసి కలపండి.

*ఉల్లిగడ్డ, క్యారెట్, సెలరీ.* తెల్ల ఉల్లిగడ్డ దొరికితే మంచిది, ఘాటు తక్కువ. ఎర్రదైతే కింద చెప్పినట్టు వెనిగర్‌లో నానబెట్టడం మానొద్దు. క్యారెట్ నారింజ రంగుదే తీసుకోండి. చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్‌తో చేస్తే రుచి బాగుంటుంది, రంగు మాత్రం మీరు హోటల్లో చూసినట్టు ఉండదు. సెలరీ సూపర్‌మార్కెట్లలో లెట్యూస్ పక్కన దొరుకుతుంది. దొరక్కపోతే వదిలేసి క్యారెట్ 20 గ్రాములు పెంచండి. సెలరీకి బదులని వామాకు, వాము, కొత్తిమీర వేయొద్దు. అవి వేస్తే చట్నీ అవుతుంది.

చేసే పద్ధతి

1. ముందు మిక్సీ జార్ వాసన చూడండి. మూతకుండే రబ్బరు వాషర్‌లో నిన్నటి మసాలా వాసన దాక్కుని ఉంటుంది. వాషర్ ఊడదీసి సబ్బుతో కడగండి. జార్‌లో ఒక బ్రెడ్ ముక్క, కొంచెం నీళ్లు వేసి తిప్పి పారబోయండి. మొత్తం కొలతకు మధ్యసైజు జార్ వాడండి, చట్నీ జార్ నిండిపోయి మూత సందుల్లోంచి చిమ్ముతుంది. సగం కొలతకైతే చట్నీ జారే మంచిది. పెద్ద జార్‌లో కొంచెమే వేస్తే బ్లేడుకు అందదు.

2. ఉల్లిగడ్డను సన్నగా చీల్చి, కొలిచి పెట్టుకున్న వెనిగర్‌లో 10 నిమిషాలు నానబెట్టండి. ఉల్లిని కోసినా నూరినా లోపలి ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. పులుపు తగిలితే ఆ పని మందగిస్తుంది. ఈ వెనిగర్ పారబోయకండి, ఇదే డ్రెస్సింగ్‌లోకి వెళ్తుంది. వెల్లుల్లి వేసేవాళ్లు రెబ్బను చీల్చి, మధ్యలో పచ్చటి మొలక ఉంటే తీసేసి ఇందులోనే వేయండి.

3. అల్లాన్ని బాగా కడిగి, చెంచా అంచుతో తోలు గీకండి. కణుపుల సందుల్లో మట్టి ఉంటుంది, ఆ కణుపులు విరిచి మళ్లీ కడగండి. తర్వాత పీచుకు అడ్డంగా, రూపాయి బిళ్ల మందాన చక్రాలుగా కోయండి. నిలువుగా కోస్తే పొడుగు పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, తినేటప్పుడు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. సెలరీని కూడా ఇలాగే అడ్డంగా కోయాలి.

4. క్యారెట్‌ను శనగగింజంత ముక్కలు చేసి, అల్లం, సెలరీతో కలిపి ముందు పొడిగా తిప్పండి. నాబ్‌ను విప్ వైపు తిప్పి ఒక్క క్షణం ఉంచి వదిలేయండి. అలా 5, 6 సార్లు. మధ్యలో మూత తీసి గోడలకు అంటినది చెంచాతో కిందికి తోయండి. గట్టివి ముందు నలగకపోతే, తర్వాత ద్రవం పోశాక అవి బ్లేడుకు దొరకకుండా తేలుతూ తిరుగుతాయి.

5. ఉల్లిగడ్డను వెనిగర్‌తో సహా వేసి, సోయా సాస్, నీళ్లు, చక్కెర, కెచప్, ఉప్పు, మిరియాల పొడి చేర్చండి. మళ్లీ విప్ మీదే 8 నుంచి 10 సార్లు తిప్పండి. రెండు వేళ్ల మధ్య నలిపితే బొంబాయి రవ్వంత పలుకు తగలాలి. అక్కడ ఆపేయండి. ఇంకా మెత్తగా పోతే ఉల్లి చేదెక్కుతుంది, గాలి పట్టి నురగ వస్తుంది, రంగు పాలిపోతుంది. జార్ అడుగు చేతికి వెచ్చగా తగిలితే 5 నిమిషాలు ఆగి కొనసాగించండి.

6. నూనె కొద్దికొద్దిగా పోయండి. మూతకు చిన్న రంధ్రం ఉంటే 1వ స్పీడ్ మీద నడుపుతూ సన్నటి ధారగా పోయాలి, మొత్తం 20 సెకన్లు మించకూడదు. రంధ్రం లేకపోతే నూనెను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి రెండేసి సార్లు విప్ తిప్పండి. ఒకేసారి కుమ్మరిస్తే నూనె పైకి తేలి, ఆకు మీద జిడ్డుగా కూర్చుంటుంది.

7. జార్‌ను మిక్సీ మీద నుంచి దించాక నిమ్మరసం కలపండి. గింజలు పడకుండా టీ జాలీలో వడకట్టి పోయాలి. ఒక్క గింజ నలిగినా చేదు తెలుస్తుంది.

8. గాజు సీసాలోకి తీసి కనీసం అరగంట, వీలైతే 2 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఇది దాటవేయొద్దు. మిక్సీలోంచి తీసిన వెంటనే ఉల్లి, వెనిగర్ మాత్రమే తెలుస్తాయి. ఈ సమయంలో నురగ అణిగి, చక్కెర పూర్తిగా కరిగి, అల్లం ముందుకు వస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

చెంచాతో నాకి చూసి తీర్పు చెప్పకండి, చెంచాలో ఇది ఎప్పుడూ పుల్లగా, ఉప్పగానే ఉంటుంది. ఒక లెట్యూస్ ఆకుకో కీరదోస చక్రానికో అద్ది తినండి. ఆకుతో కలిసినప్పుడు ముందు తీపి పులుపు, వెనక ఉప్పదనం, మింగాక అల్లం వెచ్చదనం తెలియాలి. ముందే అల్లం నాలుకను కొరికితే ఎక్కువైనట్టు.

చిక్కదనానికి ఆకును నిలువుగా పట్టుకుని ఒక చెంచా పోయండి. సగం ఆకు మీదే నిలిచి, సగం మెల్లగా జారాలి. మొత్తం జారిపోతే పలచన, కదలకపోతే ముద్ద. సీసాలో 10 నిమిషాలకు అడుగున పలచని నీటి గీత కనిపిస్తే గాభరా పడక్కర్లేదు. ఇందులో గుడ్డు, మయొనైజ్ లేవు కాబట్టి కొంత విడిపోవడం సహజం, ఊపితే కలుస్తుంది. నూనె మాత్రం పైన వేలెడంత మందాన తేలితే 6వ మెట్టులో తొందరపడ్డట్టే. తిరిగి జార్‌లో పోసి ఒక టీస్పూన్ కెచప్ చేర్చి రెండుసార్లు విప్ తిప్పండి.

తేడా వస్తే

పులుపు ఎక్కువైతే చాలామంది నీళ్లు పోస్తారు. అలా చేస్తే పులుపు ఉండనే ఉంటుంది, రుచి పలచబడుతుంది. అర టీస్పూన్ చక్కెర, ఒక టీస్పూన్ నూనె కలపండి.

ఉప్పు ఎక్కువైతే 2 టేబుల్‌స్పూన్ల క్యారెట్ తురుము, 1 టేబుల్‌స్పూన్ నీళ్లు వేసి తిప్పండి. అల్లం ఘాటుకు కూడా క్యారెట్ తురుమే మందు, దానికి ఒక టేబుల్‌స్పూన్ నూనె తోడు చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో వదలండి. చప్పగా ఉంటే ఉప్పు జోలికి పోకుండా ముందు అర టీస్పూన్ సోయా సాస్ వేసి చూడండి. చాలాసార్లు తక్కువైంది అదే.

చేదుకు మాత్రం విరుగుడు లేదు. ఆలివ్ ఆయిల్, నిమ్మగింజ, ఎక్కువసేపు నూరిన ఉల్లి, మొలకతో వేసిన వెల్లుల్లి, ఈ నాలుగింటిలో ఏది కారణమో చూసుకుని మళ్లీ చేయడమే.

వెల్లుల్లి వేసినప్పుడు ఒక్కోసారి మర్నాడు అక్కడక్కడ పచ్చగానో నీలంగానో మచ్చలు కనిపిస్తాయి. పులుపు తగిలిన వెల్లుల్లిలో జరిగే మార్పు అది, హాని లేదు. బూజు అయితే నూగులా పైకి లేచి ఉంటుంది, అది కనిపిస్తే మొత్తం పారేయాలి.

సలాడ్‌లో వేసేటప్పుడు

డ్రెస్సింగ్ బాగా కుదిరి కూడా సలాడ్ పాడయ్యేది తడి ఆకుల వల్ల. నీటి బొట్లున్న ఆకు మీద నూనె నిలవదు, డ్రెస్సింగ్ అంతా గిన్నె అడుగుకు చేరుతుంది. కడిగిన లెట్యూస్‌ను పలచని నూలు గుడ్డలో మూటకట్టి, బాల్కనీలో నిలబడి గట్టిగా నాలుగుసార్లు విసరండి. తర్వాత గుడ్డ మీద పరిచి 10 నిమిషాలు ఆరనివ్వండి. కీరదోస గింజల భాగం చెంచాతో తీసేయండి, లేకపోతే అదీ నీరు వదులుతుంది.

లెట్యూస్‌కి బదులు క్యాబేజీ వాడేవాళ్లు దాన్ని దారాల్లా సన్నగా తరిగి ఐస్ నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టండి. కరకరలాడుతుంది, ఖర్చూ తక్కువ. ఈ డ్రెస్సింగ్‌కి క్యాబేజీ లెట్యూస్ కంటే బాగా కుదురుతుందని మా అభిప్రాయం, పలుకు పలుకుతో కలుస్తుంది కాబట్టి. 100 గ్రాముల కూరలకు 2 టేబుల్‌స్పూన్లు చాలు. ఆ రెండు టేబుల్‌స్పూన్లలో సుమారు ఒకటిన్నర టీస్పూన్ నూనె ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లకైతే విడిగా వేసే ఉప్పు మానేయండి, సోయా సాస్‌లో ఉన్నదే ఎక్కువ. కలిపేది ఎప్పుడూ వడ్డించే ముందే. ఆఫీసు డబ్బాకైతే చిన్న సీసాలో విడిగా పెట్టుకుని, వీలైనంత త్వరగా అక్కడి ఫ్రిజ్‌లో పెట్టండి.

నిల్వ

వేడినీళ్లలో మరిగించి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే 5 రోజులు. ఇందులో పచ్చి ఉల్లి, పచ్చి అల్లం ఉన్నాయి. ఆవకాయలా ఉప్పు, నూనె పట్టి నిలిచేది కాదు, కాబట్టి ఒక్క రోజు కూడా గట్టు మీద వదలొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో టేబుల్ మీద గంటకు మించి ఉంచకండి, మిగతా కాలాల్లో రెండు గంటలు. కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ వెచ్చబడితే పారేయడమే మంచిది. తడి చెంచా పెట్టొద్దు. అల్యూమినియం, ఇత్తడి పాత్రల్లో పోయొద్దు, పులుపు వాటిని తింటుంది. మూత తీయగానే బుస్సుమన్నా, జిగురు కనిపించినా రుచి చూసే సాహసం చేయకండి.

వేరుశనగ నూనెతో చేసినది ఫ్రిజ్‌లో మబ్బుగా, గట్టిగా అవుతుంది. 10 నిమిషాలు బయట పెట్టి ఊపితే మామూలుగా అవుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, కరిగాక నూనె, నీరు విడిపోయి మళ్లీ కలవవు.

ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకు

కార్తీక మాసంలో ఇది తరచూ అడుగుతారు. ఉల్లిగడ్డ మానేసి, క్యారెట్ 80 గ్రాములకు పెంచి, తోలు తీసిన యాపిల్ 20 గ్రాములు వేయండి. చక్కెర 1 టీస్పూన్ చాలు. పైన చెప్పిన వేయించిన నువ్వుల పొడి ఇందులో తప్పనిసరి, ఉల్లి ఇచ్చే నిండుదనం దాని వల్లే వస్తుంది. సోయా సాస్, కెచప్ లేబుళ్లు కూడా చదవండి, చాలా కెచప్‌లలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి లేనిది దొరక్కపోతే కెచప్‌కు బదులు ఒక టేబుల్‌స్పూన్ టమాటా గుజ్జు, అర టీస్పూన్ చక్కెర వేయండి. ఈ రకం త్వరగా నల్లబడుతుంది కాబట్టి 3 రోజుల్లో వాడేయండి.